ఐదూ యాభై రెండు

"మా ఆయన్ని శుక్రవారం దహనం చేశామండి. ఇవాళ సోమవారం. ఇదిగో, ఇప్పుడు కూడా ఆయన గుండె కొట్టుకుంటోంది."

హైమావతి ఫోన్ ముందుకు చాపింది. దేవకుమారి దాన్ని అందుకుని చూసింది. తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. 'సంజీవరావు గారు. గుండె వేగం 72. అంతా క్షేమం.' టైము సరిగ్గా ఉదయం తొమ్మిది.

ఇరవై రెండేళ్లు పోలీసు శాఖలో పనిచేసి, హెడ్ కానిస్టేబుల్‌గా బయటికొచ్చి, తెనాలిలో డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి దేవకుమారి. కాలవలో తేలిన శవాల్ని ఒడ్డుకు లాగించింది. రైలు కింద పడ్డవాళ్ళకి పంచనామాలు రాయించింది. అప్పుడెప్పుడూ కలగని జలదరింపు ఆ రెండంకెల్ని చూస్తే కలిగింది.

"ఈ మెసేజ్ రోజూ వస్తోందా?"

"గంటకోసారి వస్తోందండి. ఫోన్ ఆపెయ్యమని మా ఆడపడుచు పోరుతోంది. ఆపలేకపోతున్నాను. ఆపితే నేనే ఆయన్ని చంపినట్టు అవుతుందేమోనని భయంగా ఉంది."

అంగలకుదురులోని ఆ ఇంటి ముందుగదిలో దండ వేసిన సంజీవరావు ఫోటో ఉంది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ లెక్చరర్‌గా చేసి రిటైరైన ఆయన, మూడేళ్లుగా యూట్యూబ్‌లో ఒక ఛానెల్ నడిపాడు. కొత్తగా వచ్చే ఫోన్లు, వాచీలు, వాటిని అమ్మే కంపెనీల ఎదుగుదల మీద తేటతెలుగులో వ్యాఖ్యానం చెప్పేవాడు. ఆయన బాగుందంటే జనం కొనేవాళ్ళు. మణికట్టుకి కట్టుకుంటే నాడి చూసి గంటకోసారి ఫోన్‌కి పంపే మిణుగురు బ్యాండ్‌ని ఆయన అయిదు భాగాల్లో మెచ్చుకున్నాడు. పొన్నూరులో ఒక్క దుకాణంతో మొదలైన కంపెనీ రెండేళ్లలో కోస్తా జిల్లాలన్నిటా ఎలా పాకిందో, పెద్ద పెద్ద కంపెనీలు పట్టించుకోని పల్లెల్లోకి ఎలా వెళ్ళిందో బొమ్మలు గీసి మరీ చెప్పాడు. ఆ మాటలు విని కొన్నవాళ్ళలో దేవకుమారి కూడా ఒకతె. ఆమె ఎడమ చేతికి ఇప్పుడు కూడా అదే బ్యాండ్ ఉంది.

"ఆయన పోయాక కంపెనీ రిపోర్టు ఇచ్చిందన్నారు కదా, అందులో ఏముంది?"

"గురువారం సాయంత్రం ఐదూ యాభై రెండుకి గుండె ఆగిపోయిందని ఉందండి. రేపల్లెలో ఆయన వీడియోలు తీసుకునే అద్దె గదిలో. షుగరున్న మనిషి, గుండెపోటే అనుకున్నాం. ఇంక పోస్టుమార్టం అని కోయించడం ఎందుకని మావాళ్ళే అన్నారు."

"ఐదూ యాభై రెండుకి మీ ఫోన్‌కి ఏమైనా హెచ్చరిక వచ్చిందా?"

"లేదండి. ఆరింటికి దీపం పెట్టి చూసుకున్నాను. 76 అని ఉంది. క్షేమంగానే ఉన్నారనుకున్నాను."

"చివరి రోజుల్లో ఆయన ఎలా ఉన్నారు?"

"ఆ ముందు ఆదివారం వేటపాలెం వెళ్ళొచ్చారు. అప్పట్నుంచీ సరిగా అన్నం తినలేదు. అక్కడ జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే కొండమ్మ అనే ఆవిడ గుండెల్లో నొప్పంటే, కూతురు ఆవిడ చేతికున్న బ్యాండ్ చూసిందంట. 74 ఉంది, ఏం కాలేదు పడుకోమ్మా అందంట. తెల్లారేసరికి ఆవిడ లేదు. చల్లబడ్డ చేతి మీద కూడా 71 చూపిస్తోందంటండి. ఆ కూతురు మా ఆయన్ని పట్టుకుని, మీరు చెబితేనే కొన్నాం సార్ అని ఏడ్చిందంట." హైమావతి కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేనే చెప్పాను, నేనే విప్పి చెబుతానన్నారు. గురువారం ఆ వీడియో తియ్యడానికే రేపల్లె వెళ్ళారు."

"వీడియో ఉందా?"

"ఆయన ల్యాప్‌టాప్ దొరకలేదండి."

"బ్యాండ్?"

"కంపెనీ తరఫున ఒకాయన ఆ సాయంత్రమే వచ్చి తీసుకెళ్ళాడంట. కిరీటి అని."

దేవకుమారికి ఆ పేరు తెలుసు. ఒకప్పుడు ఒకే స్టేషన్‌లో పనిచేశారు. అతను కొత్త ఎస్.ఐ. ఆమె పట్టుకున్న రెండు కేసులు తన పేరు మీద రాసుకుని, తర్వాత ఉద్యోగం మానేసి కంపెనీలో చేరాడు. ఆమె కాగితం, కలం తీసుకుంది. బుధ, గురువారాల్లో హైమావతి ఫోన్‌కి వచ్చిన అంకెలన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకుని, మరుసటి రెండు రోజులవీ పక్కనే రాసుకుని లేచింది.

రేపల్లె వెళ్ళే ప్యాసింజర్‌లో కిటికీ పక్కన కూర్చుని ఆ కాగితం విప్పింది.

మధ్యాహ్నం పన్నెండు దాకా రెండు రోజుల అంకెలకీ పొంతన లేదు. ఒంటిగంట దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. బుధవారం ఒంటిగంటకి 84. గురువారం ఒంటిగంటకీ 84. రెండింటికి 70, 70. మూడింటికి 68, 68. నాలుగింటికి 91, 91.

బుధవారం నాలుగింటికి సంజీవరావు డాబా ఎక్కి నీళ్ళ ట్యాంకు కడిగాడని హైమావతి చెప్పింది. ఆయాసం వచ్చి 91 అయింది, సరే. గురువారం నాలుగింటికి గదిలో కూర్చున్న మనిషికి అదే ఆయాసం ఎలా వచ్చింది? ఆమె పక్క వరస చూసింది. శుక్రవారం నాలుగింటికి, చితి మండుతున్న సమయానికి, 91.

దేవకుమారి తన చేతి బ్యాండ్ విప్పింది. మంచినీళ్ళ సీసా చుట్టూ బిగించి ఒళ్ళో పెట్టుకుంది. కింద చిన్న ఆకుపచ్చ దీపం మినుకుమినుకుమంటోంది. పదకొండు కావడానికి ఎనిమిది నిమిషాలుంది. ఎదుటి సీటాయన వింతగా చూస్తున్నా ఆమె సీసా మీంచి చూపు తిప్పలేదు.

పదకొండయింది. ఫోన్ గుర్రుమంది. 'దేవకుమారి గారు. గుండె వేగం 88. అంతా క్షేమం.'

నిన్న ఆదివారం. పదకొండింటికి చర్చిలో గొంతెత్తి పాట పాడుతోంది. వెనక్కి జరిపి చూసింది. నిన్నటి అంకె కూడా 88.

నాడి దొరక్కపోతే ఇది నిన్నటి అంకెని తెచ్చి ఇవాళ పెడుతోంది. దొరకలేదని చెప్పదు. అలా చెబితే జనం కొనరు కాబోలు. ఎన్ని వేల మంది ముసలివాళ్ళ చేతులకి ఇది కట్టి, పిల్లలు నిశ్చింతగా పనులకి వెళ్ళిపోతున్నారో! బ్యాండ్‌ని మళ్ళీ చేతికి పెట్టుకోబుద్ధి కాలేదు. సంచిలో అడుక్కి తోసేసింది.

అంటే గురువారం ఒంటిగంటకే సంజీవరావు నాడి ఆగిపోయింది. మరి ఐదూ యాభై రెండు ఎక్కణ్ణుంచి వచ్చింది?

గది రేపల్లె స్టేషన్‌కి దగ్గర్లోనే, మేడ మీద. ఇంటి యజమాని బ్రహ్మయ్య రైసు మిల్లులో గుమాస్తా. అరవై ఏళ్లుంటాయి. మధ్యాహ్నం భోజనానికి వచ్చి ఉన్నాడు. తాళం తీసి ఇచ్చాడుగానీ గడప దాటలేదు.

"లోపలికి రారా?"

"నా వల్ల కాదమ్మా. ఆయన్ని ఎత్తింది ఈ చేతులే."

"ఎప్పుడు చూశారు?"

"ఆరున్నరకండి. రోజూ సాయంత్రం రైలుకి వెళ్ళేవారు, తాళం నాకిచ్చి. ఆ రోజు దిగలేదు. పైకొచ్చాను. తలుపు దగ్గరికి వేసి ఉంది. మంచం మీద వెల్లకిలా ఉన్నారు."

"ఎలా ఎత్తారు?"

"కుడి చెయ్యి తల మీదుగా వెనక్కి ఉండిపోయింది. కిందికి దించుదామంటే రాలేదండి. కర్రలాగా బిగుసుకుపోయింది. మెడ కూడా అంతే."

"ఆరున్నరకే బిగుసుకుపోయిందా? బాగా గుర్తు తెచ్చుకోండి."

"దేవుడి మీద ఒట్టమ్మా. నలుగురం మెట్ల మలుపులో దించలేక నానా తిప్పలు పడ్డాం."

ప్రాణం పోయిన నలభై నిమిషాలకి ఒళ్ళు అలా బిగుసుకోదు. ఎంత లేదన్నా అయిదారు గంటలు పడుతుంది.

గదిలోకి వెళ్ళింది. మంచం, బల్ల, కెమెరా నిలబెట్టే స్టాండు. కెమెరా లేదు. బల్ల సొరుగులో రోజుకి మూడు అరలున్న మాత్రల డబ్బా కనిపించింది. గురువారం పొద్దుటి అర ఖాళీ. మధ్యాహ్నం అరలో మాత్ర అలాగే ఉంది. మంచం మీద పరుపుంది, దుప్పటి ఉంది, దిండు లేదు. మంచం కిందికి వంగి చూసింది. అక్కడా లేదు.

"బ్రహ్మయ్య గారూ, దిండు ఎవరైనా తీశారా?"

"తియ్యలేదే! తల కింద ఏమీ లేదండి అప్పుడు. నేను మా ఇంట్లోంచి తెచ్చి పెట్టాను."

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. దేవకుమారి ఉలిక్కిపడి తలుపు వైపు తిరిగింది. వచ్చింది ముప్పై నాలుగు, ముప్పై అయిదేళ్ల మనిషి, చేతిలో రెండు క్యారేజీలు. బ్రహ్మయ్య కబురు పెట్టిన స్టెల్లా. వీధి చివర మెస్ నడుపుతుంది. సంజీవరావుకి భోజనం తెచ్చేది ఆమే.

"గురువారం ఎన్నింటికి తెచ్చావమ్మా?"

"పన్నెండూ ముప్పావుకండి. రోజూ అదే టైము. షుగరు కదండి, ఒంటిగంటకి మాత్రేసుకుని తినేస్తారు."

"తలుపు తీశారా?"

"రికార్డింగ్ అయితే తియ్యరండి. లోపల్నుంచే మాట్లాడతారు. రోజూ 'ఏం కూర తల్లీ' అని అడిగేవారు. ఆ రోజు..." ఆమె ఆగింది.

"చెప్పు, ఫర్వాలేదు."

"'అక్కడ పెట్టి వెళ్ళు' అని వినపడింది. కోపంగా. నాకు చానా బాధేసిందండి. ఆయన నన్ను తల్లీ అనకుండా ఎప్పుడూ మాట్లాడలేదు. నాలుగింటికి ఖాళీ క్యారేజీ కోసం వస్తే గుమ్మంలో అలాగే ఉంది. ఎత్తితే బరువుగానే ఉంది. నిద్రపోతున్నారేమోనని వెళ్ళిపోయాను."

"స్టెల్లా, ఆ గొంతు ఆయనదేనా?"

స్టెల్లా ముఖంలో రంగు మారింది. ఇన్నాళ్ళూ ఆ ప్రశ్న తనని తాను కూడా అడుక్కోలేదని తెలుస్తూనే ఉంది. "కాదండి," అంది మెల్లగా. "ఇప్పుడనిపిస్తోంది. కాదండి. వేరే ఎవరో ఉన్నారు లోపల."

"ఎవరి గొంతో నీకెలా తెలుస్తుందమ్మా, నాలుగు రోజుల తర్వాత?"

ఆ మాట అన్నది గుమ్మంలోంచి. కిరీటి ఎప్పుడొచ్చి నిలబడ్డాడో ఎవరూ గమనించలేదు. ఇస్త్రీ చొక్కా, మెడలో కంపెనీ కార్డు, మణికట్టు మీద ఆకుపచ్చ వెలుగు.

"నమస్కారం దేవకుమారి గారూ. పెళ్ళి సంబంధాల ఎంక్వయిరీలు బాగా నడుస్తున్నాయని విన్నాను. ఇదేంటి, ఇటొచ్చారు?"

"నువ్వెందుకొచ్చావు?"

"కంపెనీ పేరు పాడుచేసే మాటలు ఎవరు పుట్టిస్తున్నారో చూడ్డానికి. వచ్చే నెల కొత్త మోడల్ వస్తోంది. పదిహేను జిల్లాల్లో ఒకేసారి. ఇలాంటప్పుడు ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు."

"గురువారం నువ్విక్కడికి ఎన్నింటికి వచ్చావు?"

"ఏడింటికి. ఐదూ యాభై రెండుకి హెచ్చరిక వచ్చింది. బాపట్ల నుంచి వెంటనే బయల్దేరాను. గంటపైన పట్టింది. ఇంకేం కావాలి?"

"హెచ్చరిక నీ ఫోన్‌కి వచ్చిందా?"

"విష్ణువర్ధన్ సార్ ఫోన్ చేసి చెప్పారు. మా మార్కెట్ విభాగం పెద్ద."

"ఆ రోజు ఆయనెక్కడున్నాడు?"

"బాపట్లలో డీలర్ల మీటింగు. నాలుగు నుంచి ఏడు దాకా స్టేజి మీదే ఉన్నారు. మూడొందల మంది చూశారు. దేవకుమారి గారూ, మీరెటు లాగుతున్నారో నాకు తెలుసు."

"స్టేజి మీదున్న మనిషికి రేపల్లెలో ఒకాయన గుండె ఆగిందని తెలిసింది. ఆ బ్యాండ్ మెసేజ్‌లు గంటగంటకీ ఫోన్‌లో చూసుకునే పెళ్ళానికి మాత్రం తెలియలేదు. ఆమెకి ఆరింటికి 76 వచ్చింది. ఇవాళ పొద్దున తొమ్మిదింటికి 72 వచ్చింది. నీ దగ్గరున్న ఆ బ్యాండ్ ఎప్పుడూ ఆగలేదు కిరీటీ. ఆగిందని ఎవరో రాశారు."

కిరీటి నవ్వడానికి ప్రయత్నించాడు. కుదరలేదు. స్టెల్లా వైపు ఒకసారి చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కిందినుంచి కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది.

"అమ్మగారూ, నేనేమన్నా తప్పు మాట్లాడానా?" అంది స్టెల్లా.

"లేదమ్మా. ఇంటికెళ్ళు. ఎవరడిగినా ఏమీ చెప్పకు. నా నంబరు రాసుకో."

రెండున్నరకి కిరీటి ఫోన్ చేశాడు. గొంతు పూర్తిగా మారిపోయి ఉంది.

"అక్కా, బాపట్ల రాగలవా? ఫోన్లో వద్దు. ఆఫీసుకీ వద్దు. బస్టాండుకి రా."

అన్నేళ్ల పరిచయంలో అతను ఆమెని ఎప్పుడూ అక్కా అనలేదు. అది ఉచ్చేమోనని బస్సెక్కాక కూడా అనుమానం పీకుతూనే ఉంది. దిగిపోదామని రెండుసార్లు లేచి మళ్ళీ కూర్చుంది. బాపట్లలో దిగేసరికి నాలుగూ అయిదు.

జనం మధ్యలో, చెరుకురసం బండి పక్కన బెంచీ మీద కూర్చున్నాడు కిరీటి. మెడలో కార్డు లేదు. చేతికి బ్యాండ్ కూడా లేదు. అతని మోకాలు ఆగకుండా ఊగుతోంది.

"నువ్వు అడిగావు కదా, హెచ్చరిక నీకొచ్చిందా అని. ఆఫీసుకొచ్చి ఆ రోజు మెయిళ్ళు తీసి చూశాను. ఎవరి గుండె ఆగినా మా ఆఫీసులో రిపోర్టు తయారవుతుంది. తయారవగానే జిల్లా మనిషికి ఒక కాపీ దానంతటదే వస్తుంది. అది పైవాళ్ళకి గుర్తుండదు. నేనూ పెద్దగా చూడను." ఫోన్ ఆమె చేతికిచ్చాడు. "చూడు."

సంజీవరావు. రేపల్లె. గుండె ఆగిన సమయం సాయంత్రం 5.52. దేవకుమారి పైకి జరిపి, మెయిల్ వచ్చిన సమయం చూసింది. గురువారం మధ్యాహ్నం 3.28.

ఆమె మళ్ళీ చదివింది. చుట్టూ బస్సుల హారన్లు, కండక్టర్ల కేకలు ఒక్కసారిగా దూరమైపోయినట్టనిపించింది.

"ఐదూ యాభై రెండుకి చనిపోయాడని మూడూ ఇరవై ఎనిమిదికే రాశారు," అంది.

"ఆ టైముకి తను స్టేజి మీద ఉంటానని విష్ణువర్ధన్ సార్‌కి తెలుసు కాబట్టి. ఆ గురువారం పొద్దున పదకొండు నుంచి మూడు దాకా ఆయన ఎక్కడున్నారో ఆఫీసులో ఎవరికీ తెలియదక్కా. డ్రైవర్ని కూడా తీసుకెళ్ళలేదు." కిరీటి పెదాలు తడుపుకున్నాడు. "నేను ఇన్నాళ్ళూ కంపెనీ పేరు కాపాడుతున్నాననుకున్నాను. హత్యకి కాపలా కాశాను."

"పద, ఎస్పీ ఆఫీసుకి వెళ్దాం. ఈ మెయిల్ చాలు."

అతను కదల్లేదు. "ఒకటి చెప్పాలి. రేపల్లె నుంచి కార్లో వస్తూ నా అలవాటు ప్రకారం పైకి రోజువారీ రిపోర్టు పంపాను. అప్పటికి ఈ మెయిల్ చూడలేదు. మెస్ నడిపే ఆవిడ తలుపు వెనక వేరే గొంతు విన్నానంటోందని రాశాను. పేరుతో సహా." అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇందాక మూడూ నలభై ఒకటికి ఇంకో రిపోర్టు వచ్చింది."

అతని వేలు తెర మీద జరిగింది.

వినియోగదారు, స్టెల్లా. రేపల్లె. గుండె ఆగిన సమయం సాయంత్రం 5.20.

బస్టాండు గడియారంలో నాలుగూ పన్నెండు అయింది. దేవకుమారి తెర మీంచి తల ఎత్తింది. "ఇది తప్పు," అంది గబగబా. "ఆమెకసలు బ్యాండ్ లేదు. క్యారేజీలు పట్టుకున్న చేతులు చూశాను. ప్లాస్టిక్ గాజులు తప్ప ఏమీ లేవు."

"ఇస్తారక్కా," అన్నాడు కిరీటి.

ఆమె స్టెల్లా నంబరు నొక్కింది. ఒకసారి మోగింది. రెండోసారి మోగింది. నాలుగోసారికి ఎత్తారు. గాలి హోరు, కారు ఇంజన్ చప్పుడు.

"అమ్మగారూ! నేనే మీకు చేద్దామనుకుంటున్నానండి." స్టెల్లా గొంతులో సంబరం. "కంపెనీ పెద్దాయనే వచ్చారండి మా మెస్‌కి. సంజీవరావు గారికి భోజనం పెట్టానని కొత్త బ్యాండ్ ఇచ్చారు. ఆయనే స్వయంగా కట్టారండి చేతికి. ఫోటో తీయిస్తామని కార్లో తీసుకెళ్తున్నారు."

"స్టెల్లా, కారు ఆపమను. వాంతి వస్తోందని చెప్పు. ఏదో ఒకటి చెప్పి దిగు. ఎక్కడున్నావు? ఏ ఊరు దాటావు?"

అవతల ఎవరిదో మగ గొంతు లీలగా వినపడింది. తర్వాత స్టెల్లా మాట్లాడింది. ఈసారి చాలా మెల్లగా, పక్కనున్న మనిషికి వినపడకూడదన్నట్టు, ఊపిరి బిగబట్టి మాట్లాడింది.

"అమ్మగారూ... మెస్‌లో కూడా మాటలన్నీ డ్రైవరే చెప్పాడండి, ఈయన ఇంతవరకూ నోరు విప్పలేదు. ఇప్పుడు డ్రైవర్‌తో ఒక్క మాట అన్నారు." ఆమె పళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు ఫోన్లో వినిపించింది. "ఆ రోజు తలుపు వెనక గొంతు ఇదేనండి."

ఫోన్ ఆగిపోయింది.